ఎనిమిదో నిబంధన

నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి ఇంకా ఒక రోజు నిండలేదు.

అది ఏ ఒట్టో, ఎందుకు వేశానో ముందు చెప్పుకోవాలి. గగన్‌పహాడ్‌లో మా స్విచ్చుల కంపెనీలో మేమంతా పని ఆపి, గేటు మూసి అయిదు రోజులైంది. స్విచ్చులు బిగించే బెల్టు దగ్గర నా పక్కన నిలబడి పనిచేసే స్వరాజ్యం అక్కకు ఒక్కతే కూతురు, రేణుక. నొప్పులు ఎక్కువై రేణుకను పట్నం దవాఖానకు తీసుకుపోతున్నామని, తల్లిని వెంటనే పంపమని ఇల్లరికపు అల్లుడు జగదీశ్ మహేశ్వరం నుంచి కంపెనీకి ఫోన్ చేసింది పొద్దున పావు తక్కువ పదకొండుకు. "అమ్మనే అడుగుతున్నది" అని దవాఖాన నుంచి మళ్లీ చేసింది ఒంటి గంటకు. గోడ మీది చార్టులో ఉన్న నిబంధనల ప్రకారం ఆ రెండు కబుర్లూ నోటు పుస్తకంలో ఎక్కాయి. డ్యూటీ దిగాక, సాయంత్రం అయిదింటికి, రెండూ ఒక్కసారే స్వరాజ్యం అక్క చెవిన పడ్డాయి. రేణుక నాలుగింటికే పోయింది. ఆడపిల్ల మిగిలింది.

నిన్న గేటు దగ్గర మేనేజరు జగన్మోహనరావు గారు కారు దిగి అందరి ముందూ ఒక మాట అన్నారు. "చావుబతుకుల కబురొస్తే మనిషిని వెంటనే పిలవాలని ఎనిమిదో నిబంధన నా చేత్తో నేనే రాశాను. అది చార్టులోకి ఎందుకు రాలేదో, ఆ చార్టు రాసినమ్మాయినే అడగండి."

ఆ చార్టు రాసింది నేను. రెండు వందల మంది నా వైపు తిరిగారు. జగదీశ్ గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి, జనంలోంచి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ప్రసన్నక్కా, నువ్వు చెప్పు. ఉండెనా ఆ మాట?"

నా చంకలో బిందు ఉంది. దాని తల మీద చెయ్యి పెట్టి, "లేకుండె. నా బిడ్డ మీద ఒట్టు" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన రాసిచ్చిన కాగితం రెండు నెలలుగా మా ఇంట్లోనే ఉంది. గోడ గూట్లో బిందు మందు సీసాల కింద పరిచాను. రోజుకు మూడుసార్లు సీసా తీస్తాను, మూడుసార్లు ఆ కాగితం చూస్తాను. ఏడు నిబంధనలు. ఎనిమిదోది లేదు.

ఈ పొద్దున ముసురు పట్టింది. ముసురు పడితే నా గుండె ముందే జారిపోతుంది. బిందుకు పధ్నాలుగు నెలలు, పుట్టిన మూడో నెల నుంచి పిల్లికూతలు. దాని రొమ్ము మీద అరచెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. నిమిషానికి నలభై దాటితే షంషీర్ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఈ పొద్దున ముప్పై ఎనిమిది వచ్చింది. మందు పోద్దామని సీసా ఎత్తితే, కారిన మందు బంకలా అంటుకుని కాగితం కూడా సీసాతోపాటే లేచి వచ్చింది. విడదీయబోతే తిరగబడింది.

వెనుక వైపు, కంప్యూటర్ కొట్టిన పాత అంకెల వరుసల మధ్య, ఖాళీ జాగాలో నీలం సిరాతో రెండు వరుసలు ఉన్నాయి. మేనేజరు గారి దస్తూరీయే. మందు సీసా గుండ్రటి మరక కాగితం ఇవతలి నుంచి అవతలికి ఇంకి, ఎవరో కావాలని గుర్తు పెట్టినట్టు, సరిగ్గా ఆ వరుసల చుట్టూ గీత గీసింది.

అది చదివాక బిందు ఊపిరి లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ నిబంధనలు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆషాఢంలో కంపెనీకి కంప్యూటరొచ్చింది, దాని వెనకే ఫ్యాక్స్ మిషనొచ్చింది. అంతకు ముందు ఉన్నది ఒక్క ఫోనే. ఇక ఆఫీసు గది జాతరైపోయింది. ప్యాకింగ్ అతనొకడు చెల్లెలి పెండ్లి కార్డు గుల్బర్గాకు ఫ్యాక్స్ కొట్టించాడు. ఇంకొకడు గ్రీజు చేతులతో కంప్యూటర్ మీటలన్నీ నొక్కి చూశాడు. ఇక మా ఆడవాళ్లకు వచ్చే ఫోన్లు చెప్పనే వద్దు. బియ్యం డబ్బా తాళం ఏడబెట్టినవని ఒకరికి, మేక తాడు తెంపుకున్నదని ఒకరికి. ఒక్క మనిషి లేస్తే బెల్టు మొత్తం ఆగాల్సిందే.

"వీటిని ఎలా వాడుకోవాలో మనకో పద్ధతి ఉండాలమ్మా" అని మేనేజరు గారు నన్ను ఆఫీసులోకి పిలిపించి కుర్చీ చూపించారు. ఆ కంపెనీలో నేను కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్కరోజే. ఎనిమిదో తరగతి మధ్యలో పెళ్లి చేశారు గాని, నా అక్షరం గుండ్రంగా ఉంటుందని పేరు. ఫోనూ ఫ్యాక్సూ చూసే వసుంధర గారు ఒక పక్క కూర్చున్నారు. ఆమెది గుడివాడ. మేనేజరు గారు ఒక్కొక్కటీ రాసి, పైకి చదివి, "మీ వాళ్లకు అర్థమవుతుందా?" అని నన్ను అడిగేవారు. చెప్పులు విడిచి కంప్యూటర్ గదిలోకి రావాలి. ఆటలాడకూడదు. సొంత పనికి ఫ్యాక్స్ వాడకూడదు. కాగితం వృథా చేయకూడదు, వాడేసిన కంప్యూటర్ కాగితాల వెనుకే రఫ్ రాయాలి. అన్నింటికీ "అర్థమైతది సార్" అన్నాను. డ్యూటీలో ఎవరికి ఫోనొచ్చినా పిలవకూడదు, కబురు పుస్తకంలో రాసి సాయంత్రం ఇవ్వాలి అని చదివినప్పుడు మాత్రం నోరు తెరిచాను. బిందుకు ఆయాసమొస్తే మా అత్తమ్మ ఫోన్ చేయించాలి కదా అని అడగాలనిపించింది. కుర్చీలో కూర్చున్నదాన్ని, అడిగితే ఏమనుకుంటారో అని "అర్థమైతది సార్" అనే అన్నాను.

మర్నాడు ఆ కాగితమూ చార్టు షీటూ ఇచ్చి పంపారు. ఆ సాయంత్రం బిందుకు ఊపిరాడలేదు. ఒక చేత్తో దాన్ని ఒళ్లో నిలువుగా పట్టుకుని, ఇంకో చేత్తో స్కెచ్ పెన్నులతో రాశాను. అంచు పొడుగునా తీగ గీశాను, తీగకు ఎర్ర పువ్వులు వేశాను. ఏడు నిబంధనలకు చార్టు నిండింది. కాగితం తిప్పి చూడలేదు. మా కంపెనీలో రఫ్ కాగితం ఎవరూ తిప్పి చూడరు. వెనుక ఎప్పుడూ పాత అంకెలే ఉంటాయి.

కాగితాన్ని రవిక లోపల పెట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టాను. మా ఆయన మల్లేశ్వర్ లారీ లోడుతో నాగపూర్ పోయి ఉన్నాడు. అడ్డం వచ్చింది మా అత్త పోచమ్మ.

"ఏడికి?"

"మహేశ్వరం. స్వరాజ్యమక్క కాడికి."

"పాలిచ్చేదానివి, చావు పడ్డ ఇంటికి పోతవా? దినాలు గూడ కాలే. పోరికి ఏమన్న అయితే?"

"పోకుంటే అయితదేమో అత్తమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. బిందును ఆమె చేతుల్లో పెట్టి, రెండుసార్లు వెనక్కి వచ్చి స్వెట్టర్ గుండీలు సరిచూసి, వెళ్లాను.

శంషాబాద్‌లో జీపు కోసం నిలబడితే, రోడ్డు అవతల పట్నం బస్సు కోసం వసుంధర గారు కనిపించారు. చేతిలో టిఫిన్ డబ్బా, కుర్చీ మీద వేసుకునే దిండు. ఉద్యోగం వదిలేసి తన సామాను తెచ్చుకుంటున్నారని చూడగానే తెలిసింది. రోడ్డు దాటి కాగితం చూపించాను. ఆమె చదవలేదు. వేలితో ఆ వరుసలు ముట్టుకుని, పక్కనే ఉన్న కిరాణా కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఇది నేనే అడిగి రాయించానమ్మా. నువ్వు వెళ్లిపోయాక. చేతిలో అదే కాగితం ఉంది, ముందువైపు జాగా లేదు, వెనక్కి తిప్పి రాశారు."

"మరి చార్టుల లేకపోతే ఎందుకు అడగలేదు మేడమ్?"

"సార్ ఆలోచించుకుని కొట్టేశారేమో అనుకున్నాను. మళ్లీ అడిగితే చిరాకు పడతారని ఊరుకున్నాను. ఆయనేమో చార్టు చదవనేలేదు. పువ్వులు బాగున్నాయని మెచ్చుకుని సంతకం పెట్టేశారు." ఆమె దిండు ఒళ్లోకి లాక్కున్నారు. "ఆ రోజు మొదటి ఫోను రాగానే లేచానమ్మా. బెల్టు గది తలుపు దాకా వెళ్లాను. తలుపు పక్కనే నీ చార్టు. చదివి వెనక్కి వచ్చేశాను."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. నా జీపు వచ్చింది. నేను ఎక్కాను.

స్వరాజ్యం అక్క ఇంటి వాకిట్లో జగదీశ్ కట్టెలు కొడుతున్నాడు. పదకొండో దినం వంటకు తుమ్మ మొద్దులు తెచ్చి పోశారు. చినుకులు పడుతున్నా ఆపడం లేదు. నన్ను చూసి గొడ్డలి దించి, తువ్వాలతో మొఖం తుడుచుకున్నాడు.

"రా అక్కా. లోపలున్నది అత్తమ్మ." నేను గడప దాటబోతుంటే వెనక నుంచి అన్నాడు, "నిన్న నువ్వు ఒట్టేసి చెప్పినవు గాబట్టి జనం నిలవడ్డరు. లేకుంటే సగం మంది ఆ సారు మాట నమ్ముదురు. రేపు పొద్దుగాల పోలీసోళ్లను తోల్కొని వచ్చి గేటు తెరుస్తడంట. రానియ్యి."

"జగదీశ్, గట్ల ఏం చేయకు తమ్మీ…"

"నా పిల్ల ఆరొద్దులది అక్కా. అది రేపు పెద్దగయి అడిగితే, మీ అమ్మ అమ్మా అమ్మా అనుకుంట పోయింది, నేను కట్టెలు కొట్టుకుంట కూసున్న అని చెప్పాల్నా?"

గొడ్డలి లేచి మొద్దు మీద పడింది. నేను లోపలికి పోయాను.

స్వరాజ్యం అక్క గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద పసిపిల్ల. గిన్నెలో పాలు, పాలల్లో దూది వత్తి. వత్తి పిల్ల నోట్లో పెడితే పిల్ల మొఖం తిప్పుతున్నది. అయిదు రోజుల్లో అక్క పదేళ్లు పైబడ్డట్టు కనిపించింది. నన్ను చూసి ఏడవలేదు.

"వచ్చినవా? బిందు ఏది?"

"అత్తమ్మ కాడ విడిచిపెట్టిన."

"మంచిగ చేసినవు. ముసురుల తిప్పకు దాన్ని." వత్తి గిన్నెలో వేసింది. "ఆవుపాలల్ల నీళ్లు కలిపి పోస్తున్న. కక్కుతున్నది. నీకు పాలున్నయి గదా? జర పట్టు పిల్లను."

పొద్దుటి నుంచి బిందుకు పట్టక రొమ్ములు రాళ్లయి ఉన్నాయి. అక్క పిల్లను నా ఒళ్లో పెట్టింది. పిల్లిపిల్ల అంత బరువు. రవిక హుక్కులు తీస్తుంటే మడత కాగితం జారి, పిల్ల పొట్ట మీద పడింది. అక్క చూసింది. నేనూ చూశాను. ఈలోగా పిల్ల రొమ్ము వెతుక్కుని పట్టేసింది. ఎంత ఆకలిగా ఉందో, గుటకల శబ్దం గదంతా వినిపించింది.

"ఏంది ఆ కాగితం?"

"అక్కా…"

"ఏందే?"

"ఆ సారు అబద్ధం చెప్పలేదు అక్కా."

వాకిట్లో గొడ్డలి పడుతూనే ఉంది. ఒక్కో దెబ్బకు ఒక్కో మాట చొప్పున చెప్పాను. వెనుక వైపు రాసి ఉందని, నేను తిప్పలేదని, బిందుకు ఆయాసంగా ఉండెనని, పువ్వులు వేసుకుంట కూర్చున్నానని. చెప్పి, పిల్లను తీసి ఇవ్వబోయాను. ఆ పిల్లకు పాలిచ్చే అర్హత నాకు లేదనిపించింది.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "తాగనియ్యి."

పిల్ల తాగుతున్నది. నా కన్నీళ్లు దాని నెత్తి మీద పడుతుంటే కొంగుతో తుడుస్తున్నాను, మళ్లీ పడుతున్నాయి.

"ఎన్నడు చూసినవు?"

"ఇయ్యాల పొద్దుగాల."

"నిన్న ఎరికేనా?"

"లేదక్కా. బిందు మీద ఒట్టు…" అని నాలుక కొరుక్కున్నాను.

"ఒట్లు పెట్టకు ఇగ." అక్క కిందికి చూస్తూ అన్నది. "ఆ చార్టు పెట్టిన నాడు ఇంటికొచ్చి రేణుకకు చెప్పిన. మా ప్రసన్న రాసింది, అంచుకు తీగ గీసింది, ఎర్ర పువ్వులు ఎంత మంచిగేసింది అని. అది నవ్వింది. నాకు పిల్ల పుడితే ఉయ్యాల బట్ట మీద గసొంటి పువ్వులు వేయించే అమ్మా, అన్నది."

నేను తల ఎత్తలేకపోయాను.

"ఫోను మోగింది నేను ఇన్న, ఎరికేనా? పదకొండు గాకముందు. స్క్రూ బిగిస్తున్న. నీకు గూడ చెప్పిన, ఇయ్యాల ఎవరి మేక తప్పిపోయెనో అని. నువ్వు నవ్వినవ్."

నవ్వాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. గోడ అవతల వసుంధర గారు పుస్తకంలో రాస్తున్నప్పుడు, ఇవతల మేమిద్దరం నవ్వుతున్నాం.

"చదువు" అన్నది అక్క.

"ఏందక్కా?"

"నాకు చదువు రాదు గదా. చదువు. ఏం రాసిండో ఇంటా."

ఒక చేత్తో పిల్లను పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం విప్పి చదివాను. నా గొంతు నాకే వినబడలేదు. అక్క కళ్లు మూసుకుని విన్నది. ప్రతి మాటకూ తల ఊపింది, పద్ధతి మంచిదే అన్నట్టు.

"మంచిగనే రాసిండు" అన్నది. తర్వాత కళ్లు తెరిచి, తలుపు వైపు చూసింది. గొడ్డలి లేస్తున్నది, పడుతున్నది. "రేపు గేటు కాడ ఈ పిలగాడు ఏం చేస్తడో నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఆ సారు అబద్ధమాడిండని చేస్తడు. నీ ఒట్టు నమ్మి చేస్తడు. చేసి జైలుకు పోతడు. అప్పుడు ఈ పిల్లకు తల్లీ లేదు, తండ్రీ లేడు."

"నువ్వే చెప్పు అక్కా జగదీశ్‌కు. నీ మాట ఇంటడు. కాగితం నీ చేతిల పెట్టి పోత."

"నేను వేసిన్నా ఒట్టు?"

"చెప్తే నన్నేం చేస్తడో అక్కా…"

"నాకు గూడ ఎరికలేదు."

అబద్ధమాడి ధైర్యం చెప్పొచ్చు కదా, చెప్పలేదు. నా మొఖంలోకి సూటిగా చూసింది. కోపమూ లేదు, జాలీ లేదు. అయిదు రోజుల్లో ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్లు.

"నాకు బిడ్డ ఉన్నదక్కా" అన్నాను.

"నాకు గూడ ఉండె" అన్నది.

పిల్ల కడుపు నిండి, నా రొమ్ము వదలకుండానే నిద్రలోకి జారుతున్నది. దాని వీపు మీద నా చెయ్యి ఉంది. నాకు తెలియకుండానే దాని ఊపిరి లెక్కపెడుతున్నాను. ముప్పై ఆరు, ముప్పై ఏడు. పిల్లికూతలు లేవు. రేణుక పిల్ల ఊపిరి బాగుంది. రేణుక ఒక్కసారైనా ఈ వీపు మీద చెయ్యి పెట్టి చూసుకుందో లేదో.

స్వరాజ్యం అక్క గోడ పట్టుకుని లేచింది. తలుపు రెక్క కాస్త వేసి ఉంటే, పూర్తిగా తెరిచింది. ముసురు వెలుతురు లోపలికొచ్చి కాగితం మీద పడింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లను నా ఒళ్లోంచి తీసుకోలేదు. అక్కడే ఉంచింది.

"ఇంకోసారి చదువు. గట్టిగ. వాకిట్ల దాకా ఇనవడాలె."

పారిపోవడానికి తలుపు తెరిచే ఉంది. ఒళ్లో పిల్ల ఉంది. కాగితం మీద, మందు మరక గీసిన సున్నాలో, రెండు వరుసలు ఉన్నాయి.

"ఎనిమిది" అని మొదలుపెట్టాను. ఆ మాట గడప దాటలేదు. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. నొక్కిందో, పట్టుకుందో తెలియలేదు. బడిలో నిలబడి చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి, అరిచి చదివాను.

"ఎనిమిది. చావుబతుకుల కబురు గానీ, దవాఖాన కబురు గానీ వస్తే, ఏ పనిలో ఉన్నా సరే, ఆ మనిషిని వెంటనే పిలిచి ఫోన్ చేతికి ఇవ్వవలెను."

వాకిట్లో గొడ్డలి చప్పుడు ఆగిపోయింది.